ఎదుగుదల హార్మోన్ సూదితో పాలలో కాల్షియం తగ్గుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో చండూరు దగ్గరి పల్లె. మాకు రెండు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు, ఒక బర్రె ఉన్నాయి. ఇంటికి ఉంచుకోగా మిగిలిన పాలు కేంద్రంలో పోస్తాం. అమెరికాలో ఉండే మా మరిది, అక్కడ ఆవులకు ఎదుగుదల హార్మోన్ సూదులు వేసి పాలు పెంచుతారనీ, ఆ పాలలో సత్తువ ఉండదనీ చెప్పాడు. మొన్న బండి మీద వచ్చిన ఒకాయన కూడా చిన్న సీసా చూపించి, ఇది హార్మోన్ సూది, పూటకు రెండు లీటర్లు పెరుగుతాయి అన్నాడు. నేను తీసుకోలేదు. పాలు పెరిగితే అందులోని కాల్షియం నీళ్లు పోసిన మజ్జిగలా పలచబడదా? మా అమ్మాయికి ఆరో నెల, పురుటికి మా దగ్గరికే వచ్చింది, ఈ పాలే తాగుతుంది. ఇంకొక సంగతి: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, పశువులు ఆ నీళ్లే తాగుతాయి. అది పాలలోకి వస్తుందా?

సమాధానం: అమ్మా, ఎదుగుదల హార్మోన్ ఇచ్చినంత మాత్రాన పాలలో కాల్షియం పలచబడదు. 1980ల నుంచి అనేక దేశాలలో ఈ సూది వేసిన ఆవుల పాలను, వేయని ఆవుల పాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఖనిజాలన్నీ కలిసి ఆవు పాలలో సుమారు 0.7 శాతం ఉంటాయి. లీటరు పాలలో కాల్షియం 1.2 గ్రాములకు అటూ ఇటూ, భాస్వరం 0.9 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. సూది వేసినా ఈ లెక్కలు చెప్పుకోదగినంతగా మారలేదు. జెర్సీ ఆవు పాలకు, హెచ్‌ఎఫ్ ఆవు పాలకు మధ్య ఖనిజాలలో కనిపించే తేడా, ఈనిన మొదటి రోజుల జున్ను పాలకు, ఆ తర్వాతి పాలకు మధ్య కనిపించే తేడా ఈ హార్మోన్ వల్ల వచ్చే మార్పు కంటే ఎంతో ఎక్కువ. అందువల్ల మీ మరిది అన్న మాట పాల వరకు నిజం కాదు, కానీ ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలో కొంత నిజం ఉంది.

మజ్జిగలో నీళ్లు బయటి నుంచి పోస్తాం కాబట్టి అది పలచబడుతుంది. పొదుగులో పాలు అలా తయారు కావు. పాలలోని కాల్షియంలో మూడింట రెండు వంతులు కేసీన్ అనే మాంసకృత్తుతోనూ భాస్వరంతోనూ ముడిపడి, కంటికి కనిపించని సూక్ష్మ రేణువుల రూపంలో ఉంటుంది. పాలు తెల్లగా కనిపించడంలో ఆ రేణువులకూ పెద్ద భాగమే ఉంది. పొదుగులోని కణం కేసీన్‌ను తయారుచేసేటప్పుడే దానికి కాల్షియాన్ని జతచేసి బయటికి పంపుతుంది, కాబట్టి ఒకటి పెరిగి రెండోది మిగిలిపోయే అవకాశం చాలా తక్కువ. ఇక పాలలోకి నీరు ఎంత రావాలో పాల చక్కెర అయిన లాక్టోజ్, దానితోపాటు సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు నిర్ణయిస్తాయి. పాలలో కరిగి ఉన్న ఈ పదార్థాల గాఢత ఎప్పుడూ ఆవు రక్తంలోని గాఢతతో సమానంగా ఉండి తీరాలి. ఆరోగ్యంగా ఉన్న పొదుగు ఎక్కువ పాలు తయారుచేస్తే నీటితోపాటు తక్కినవన్నీ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతాయి. పొదుగులో పాలకు నీళ్లు కలవవు. కలిసేదంతా క్యాన్ దగ్గరే.

ఆ హార్మోన్ సంగతి కూడా కొంత తెలుసుకోవాలి. ఇది ఆవు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో సహజంగానే తయారవుతుంది. 1937 నాటికే సోవియట్ దేశంలో శాస్త్రవేత్తలు పశువుల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన రసాన్ని ఆవులకు ఎక్కించి పాలు పెరగడం గమనించారు. ఒక్కొక్క గ్రంథి నుంచి వచ్చే హార్మోన్ అతి తక్కువ కాబట్టి అది అంతటితో ఆగింది. 1980ల్లో బాక్టీరియా చేత ఈ హార్మోన్‌ను తయారుచేయించే పద్ధతి వచ్చాక అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1993 నవంబరులో అనుమతినిచ్చింది. 1994 ఫిబ్రవరి నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. మందును జింకుతో కలిపి, నెమ్మదిగా విడుదలయ్యేందుకు నువ్వుల నూనెలో ఉంచి, ఈనిన తొమ్మిదో వారం నుంచి 14 రోజులకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద వేస్తారు. పాలు సాధారణంగా 10 నుంచి 15 శాతం వరకు పెరుగుతాయి.

ఈ పెరుగుదల శూన్యం నుంచి రాదు. ఆవు తిన్న మేతలోనూ, ఒంట్లో దాచుకున్న కొవ్వులోనూ పొదుగుకు వెళ్లే వాటాను హార్మోన్ పెంచుతుంది. మొదటి కొన్ని వారాల్లో పాలు పెరిగినంతగా మేత పెరగదు కాబట్టి, ఆవు ఒంట్లోని కొవ్వు కరిగి పాలలో వెన్న శాతం కాస్త పెరగడం, మాంసకృత్తు కాస్త తగ్గడం కనిపిస్తాయి. ఆవు మేత పెంచుకున్నాక అవి మళ్లీ మామూలు స్థాయికి వస్తాయి. ఖనిజాలలో ఆ మాత్రం ఊగిసలాట కూడా ఉండదు. కాల్షియం విషయంలో ఆవు పద్ధతి వేరు. మేతలో కాల్షియం చాలకపోతే ఆవు తన పాలలో కాల్షియాన్ని తగ్గించదు, తన ఎముకల నుంచి తీసి పాలలో పోస్తుంది.

రోజుకు 10 లీటర్లు ఇచ్చే ఆవు పాలతోపాటు సుమారు 12 గ్రాముల కాల్షియాన్ని బయటికి పంపుతుంది. ఆ ఆవు నెత్తురులో ఏ క్షణంలోనైనా ప్రవహించే కాల్షియం మొత్తం 3 గ్రాములకు మించదు. అంటే నెత్తురులో ఉన్నదాన్ని రోజుకు నాలుగు సార్లు ఖాళీ చేసి మళ్లీ నింపినంత పని జరుగుతుంది. మేతలోని కాల్షియంలో సగం కంటే తక్కువే ఒంటికి పడుతుంది కాబట్టి ఆ 12 గ్రాముల కోసమే దాదాపు 30 గ్రాములు మేతలో అందాలి. ఒంటి అవసరానికీ, కడుపులో దూడకూ కావలసింది దానికి అదనం. ఈనిన కొత్తలో ఏ పాడి ఆవైనా కొంత కాల్షియాన్ని ఎముకల నుంచి తీసి వాడుకుంటుంది. ఆ తీయడం వెంటనే సాగకపోతేనే పాల జ్వరం వచ్చి ఆవు లేవలేక పడిపోతుంది. ఈత నడిమి నెలలలో, పాలు తగ్గుముఖం పట్టాక, ఆ ఎముకల అప్పును తిరిగి తీర్చుకుంటుంది. ఎదుగుదల హార్మోన్ వేసేది సరిగ్గా ఆ నెలలలోనే. అమెరికా పాడి క్షేత్రాలలో మేతను లెక్కగట్టి, ఖనిజాలు కలిపి పెడతారు కాబట్టి అక్కడ ఆ అప్పు తీరడానికి దారి ఉంటుంది. మన దగ్గర వరిగడ్డి, మిర్యాలగూడ వైపు మిల్లుల నుంచి వచ్చే తవుడు, కొంచెం పత్తి చెక్క పెట్టి అదే పని చేయించాలనుకుంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. వరిగడ్డిలో కాల్షియం తక్కువ, ఉన్నదాన్ని కూడా అందులోని ఆక్సలేట్లు కట్టిపడేస్తాయి. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ మేత మీద పాలు లాగితే పాల కేంద్రంలో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే తక్కిన ఘనపదార్థాలు) చీటీలో పెద్ద తేడా కనిపించదు, ఆవు మాత్రం చిక్కిపోతుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది, లేచేటప్పుడు కాళ్లు కూడదీసుకుంటుంది.

ఇతర దేశాలు ఈ సూదిని కాదన్నది కూడా ప్రధానంగా ఆవును చూసే. 1999 జనవరిలో కెనడా ప్రభుత్వం దీనికి అనుమతి నిరాకరించింది. అక్కడి పశువైద్యుల నిపుణుల బృందం పొదుగువాపు ముప్పు దాదాపు 25 శాతం, చూడి నిలవని ముప్పు 18 శాతం, కుంటితనం ముప్పు దాదాపు 50 శాతం పెరుగుతాయని తేల్చింది. ఆ ఏడాది చివరలోనే యూరోపియన్ యూనియన్ పశువుల ఆరోగ్యం, సంక్షేమం కారణంగా 2000 సంవత్సరం నుంచి శాశ్వత నిషేధం ప్రకటించింది. అమెరికాలో అనుమతి పొందిన మందు డబ్బా మీదే పొదుగువాపు, చూడి తగ్గడం, సూది వేసిన చోట గడ్డలు, జబ్బు లేకుండానే ఒంటి వేడి పెరగడం వంటి హెచ్చరికలు అచ్చువేసి ఉంటాయి. ఆ చివరి మాట మన ప్రాంతానికి ముఖ్యం. మే నెలలో నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో హెచ్‌ఎఫ్ రక్తం ఉన్న ఆవు నీడలో నిలబడి కూడా నోరు తెరిచి రొప్పుతుంది. దాని ఒంట్లో ఇంకొంత వేడి పుట్టించే మందును నేనైతే ఏ రైతుకూ సూచించను.

పొదుగువాపు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పాలలో ఖనిజాలు నిజంగా మారేది అక్కడే. పొదుగుకు సూక్ష్మజీవులు పట్టినప్పుడు పాల కణాల మధ్య ఉండే బిగువైన కట్టు సడలి, నెత్తురులోని సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి, లాక్టోజ్, పొటాషియం తగ్గుతాయి, కేసీన్ తగ్గడం వల్ల దానితో ఉండే కాల్షియం కూడా కొంత తగ్గుతుంది. అందుకే పొదుగువాపు ఉన్న చన్ను పాలు ఉప్పగా ఉంటాయి, కాచితే కొన్నిసార్లు విరిగిపోతాయి. వాపు, నొప్పి పైకి కనిపించని దశలో కూడా ఈ మార్పు లోపల జరుగుతూనే ఉంటుంది. పూటకొకసారి ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలను నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. పెరుగు తునకల వంటివి, నీటి చారలు కనిపిస్తే ఆ పాలను వేరుగా ఉంచి పశువైద్యుడికి చూపించాలి. పాలు పెంచే సూది వేసిన ఆవులలో పొదుగువాపు ఎక్కువ కాబట్టి, సూదికి, పాల ఖనిజాలకు ఏదైనా సంబంధం ఉందంటే అది ఈ దొడ్డిదారి సంబంధమే.

ఇప్పుడు బండి మీద వచ్చినాయన సీసా. అది ఎదుగుదల హార్మోన్ కాదని నా అభిప్రాయం. ఎదుగుదల హార్మోన్‌ను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, దాని పని రోజుల మీద కనిపిస్తుంది, 10 లీటర్ల ఆవుకు అది పెంచగలిగేది రోజు మొత్తానికి లీటరు, లీటరున్నర. పూటకు రెండు లీటర్లు అంటే ఆ ఆవుకు 40 శాతం, అంత ఏ ఎదుగుదల హార్మోనూ ఇవ్వదు. మన పల్లెల్లో పాల సూది పేరుతో తిరిగేది చాలావరకు ఆక్సిటోసిన్. అది పాలు తయారుచేయదు, పొదుగులో అప్పటికే ఉన్న పాలను చేపిస్తుంది, అంటే చన్నుల్లోకి దింపుతుంది. దూడ చచ్చిన బర్రెకో, చెయ్యి మారితే చేపని ఆవుకో వేసినప్పుడు క్యాన్‌లో పాలు ఎక్కువ పడినట్టు కనిపిస్తాయి, నిజానికి పొదుగులో మిగిలిపోయేవి బయటికి వచ్చాయి అంతే. నాలుగు రోజులు అలవాటైతే సూది లేకుండా పశువు చేపడం మానేస్తుంది. ఎక్కువ మోతాదు ఆక్సిటోసిన్ పొదుగులో కణాల మధ్య కట్టును కూడా సడలిస్తుందని పరిశోధనలలో తేలింది, అంటే పొదుగువాపులో లాగానే సోడియం, క్లోరైడ్ పాలలోకి చేరతాయి. ఎదుగుదల హార్మోన్ గురించి మీరు పడిన భయం దీని విషయంలోనే కొంత నిజమవుతుంది. ఈనేటప్పుడు ఇబ్బంది వస్తే పశువైద్యుడు దీన్ని వాడడం సరైనదే. పాల కోసం రోజూ వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కిందకు వస్తుంది. పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ పదార్థాన్నైనా పాలు పెంచడానికి ఎక్కిస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పైగా ఆక్సిటోసిన్ వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మవలసిన మందు. సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడి దగ్గర, పేరు, తయారీ తేదీ లేని సీసా ఏదైనా సరే కొనవద్దు. మీరు తీసుకోకపోవడం మంచి పని.

చేపు రావడానికి వేడినీళ్లతో తడిపిన గుడ్డతో పొదుగును ఒకటి రెండు నిమిషాలు తుడవడం, దూడను ముందు విడవడం, పిండే మనిషినీ వేళనూ మార్చకుండా ఉండడం, పిండేటప్పుడు కొంచెం దాణా ముందు పెట్టడం సరిపోతాయి. ఇవి మీకు తెలియనివి కావు, సూది వచ్చాక జనం మరచిపోయినవి.

హార్మోన్ వేసిన ఆవు పాలు తాగితే మనిషికి ఏమవుతుందన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తున్నది. ఎదుగుదల హార్మోన్ మాంసకృత్తు జాతిది, తాగితే కడుపులో మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. ఆవు ఎదుగుదల హార్మోన్ మనిషి శరీరంలో పనిచేయదు కూడా. ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ అనే ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల కమిటీ 1998లోనూ, 2013లోనూ దీన్ని తిరిగి పరిశీలించి పాలు తాగేవారి ఆరోగ్యానికి ఇబ్బంది లేదనే చెప్పింది. కాబట్టి మీ మరిది ఇంట్లో పిల్లలు తాగే పాల గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

ఫ్లోరైడ్ ప్రశ్న మన జిల్లాలోనే పుట్టే ప్రశ్న. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూసినవారెవరికైనా ఆ అనుమానం రావడం సహజం. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పొదుగు పాలలోకి అంతగా రానివ్వదు. ఆవు తాగిన ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది, మిగిలినది ఎముకల్లో, పళ్లల్లో చేరుతుంది. మామూలుగా లీటరు పాలలో ఫ్లోరైడ్ మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు. ఆవు తాగే నీళ్లలో ఎక్కువైనప్పుడు పాలలో స్వల్పంగానే పెరుగుతుంది. తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి అయినప్పుడు, పాలతో మీ అమ్మాయికి చేరేది లెక్కలోకి రాదు. కానీ పశువుకు అది మేలు కాదు. దూడ వయసు నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పశువు పళ్ల మీద గోధుమ, నలుపు మచ్చలు పడి, పళ్లు అరిగిపోయి మేత నమలలేదు, కీళ్లు బిగుసుకుని కుంటుతుంది. ఆ కుంటును గిట్టల జబ్బు అనుకుని మందులు వేస్తూ పోవడం తరచుగా జరిగే పొరపాటు. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వస్తుంటే కనీసం దూడలకు, చూడి పశువులకు ఆ నీళ్లే పెట్టండి. వాన నీళ్లు నిలిచే చెరువు నీళ్లు కూడా లోతు బోరు నీళ్ల కంటే నయం. మేతలో కాల్షియం తగినంత ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్ దానితో కలిసి పేడలో వెళ్లిపోతుంది కాబట్టి ఖనిజ మిశ్రమం ఇక్కడ కూడా పనికొస్తుంది.

మేతను బట్టి పాలలో నిజంగా మారే ఖనిజాలు కొన్ని ఉన్నాయి. అయోడిన్, సెలీనియం అటువంటివి. మేతలో వాటిని పెంచితే పాలలో పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం అలా కదలవు. అందుకే ఖనిజ మిశ్రమం పెడితే పాలలో కాల్షియం పెరుగుతుందని డబ్బా మీద రాసి ఉంటే నమ్మవద్దు. అది పాలలో కాల్షియం పెంచడానికి కాదు, ఎముకల నుంచి తీసే అవసరం ఆవుకు రాకుండా ఉండడానికి. పాలిచ్చే ఆవుకు రోజుకు 50 గ్రాములు, పాలు ఎక్కువ ఇస్తుంటే పశువైద్యుడు చెప్పినట్టు అంతకన్నా కొంచెం ఎక్కువ, దాణాలో కలిపి పెట్టండి. ఉప్పు దానికి వేరుగా కలపాలి. వరిగడ్డి మీదే ఆధారపడకుండా అలసంద, లూసర్న్, దశరథ గడ్డి వంటి పప్పుజాతి పచ్చిమేత ఒకటి పెంచుకోవడం ఇంకా మంచిది. పాలమూరు వైపు వనపర్తి, అచ్చంపేట రైతులు వేరుశనగ కట్టెను వామి వేసి పశువులకే దాచుకుంటారు. కాల్షియం విషయంలో అది వరిగడ్డి కంటే ఎంతో మేలైన మేత, మీకు దొరికితే వదలవద్దు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండు గ్లాసుల ఆవు పాలతో, గ్లాసుకు 200 మిల్లీలీటర్ల లెక్కన, దాదాపు 480 మిల్లీగ్రాములు అందుతుంది. మీగడ తీసినా, పెరుగు తోడుపెట్టినా, కాచినా కాల్షియం పోదు. తగ్గేది నీళ్లు కలిపినప్పుడే. వంద గ్రాముల తైదలలో (రాగులలో) 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది కాబట్టి పొద్దున తైదల జావ ఇవ్వడం మంచిది. డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు పాలు తాగుతున్నదని మానవద్దు. ఐరన్ మాత్రను మాత్రం పాలతోగానీ కాల్షియం మాత్రతోగానీ కలిపి వేయకూడదు, కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండేలా, ఒకటి మధ్యాహ్నం అన్నం తర్వాత, ఇంకొకటి రాత్రి వేయించండి.